మన బోరు నీళ్లు - మన బాధ్యత

(బాలాపూర్‌లో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి. నా తెలుగు గ్రంథాల తెలుగు కాదు, బస్తీలో నేర్చుకున్న తెలుగు. అయినా మన పిల్లల్లో చాలామంది తెలుగు చదువుతున్నారు, ఇరుగుపొరుగు వారు కూడా ఈ సావనీరు చూస్తారు, కాబట్టి తెలుగులోనే చెప్పండి మాస్టర్ సాబ్ అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఈ రోజు నేను మాట్లాడదలచింది నీళ్ల గురించి. దాహంతో ఉన్నవారికి నీళ్లు ఇవ్వడం మన మతంలో ఎంత గొప్ప దానమో మీకు నేను చెప్పనక్కర లేదు. హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలిపెట్టిన సంగతి ఇక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే మనలో నాలుగు రూపాయలు కూడబెట్టినవారు తల్లిదండ్రుల పేరున ఒక బోరు వేయించాలని ఆశపడతారు. నేనూ ఆశపడ్డాను. ఆ కథే ముందు చెబుతాను.

మా అమ్మీ పోయిన తర్వాత ఆమె పేరున మా గల్లీలో బోరు వేయించాను. నీళ్లు పుష్కలంగా పడ్డాయి. తాగితే తియ్యగా ఉన్నాయి. గల్లీ వాళ్లంతా బిందెలతో వచ్చి దువా చేసి పోయేవారు. నా మనసు నిండిపోయింది. కానీ మూడేళ్లపాటు ఆ నీటిని ఒక్కసారి కూడా పరీక్ష చేయించలేదు. బడిలో పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పే నేనే చేయించలేదు! పైగా ఆ మధ్యలో మా ఇంటి సెప్టిక్ ట్యాంకును బోరుకు పదిహేను అడుగుల దూరంలో కట్టించాను. స్థలం లేదు, ఏం చేయను అనుకున్నాను.

ఒకసారి తరగతిలో నీటి కాఠిన్యం పాఠం వచ్చింది. ఇంటి నుంచి ఒక్కొక్క సీసా నీళ్లు తెమ్మని పిల్లలకు చెప్పాను. సబ్బు నీళ్లు వేసి ఊపితే కొన్ని సీసాల్లో నురగ పొంగింది, కొన్నింటిలో పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టు కట్టింది. మా బోరు నీళ్లలో నురగ బాగానే వచ్చింది. ఒక పిల్లవాడు లేచి, "సర్, నురగ వస్తే మంచి నీళ్లేనా?" అని అడిగాడు. ఔనని చెప్పబోయి ఆగిపోయాను. వారం రోజుల తర్వాత సీసా పట్టుకొని పరీక్షకు ఇచ్చి వచ్చాను. రిపోర్టులో నైట్రేటు హద్దుకు రెండింతలు దాటి ఉంది.

అప్పుడు మా పక్కింటి చెల్లెమ్మ నెలల పసిబిడ్డకు డబ్బా పాలు కలిపి పడుతోంది. మా బోరు నీళ్లతోనే. "భయ్యా, నేను ఇరవై నిమిషాలు మరగబెట్టి ఇస్తున్నాను" అన్నది పాపం. మరగబెడితే క్రిములు చస్తాయి, నిజమే. నైట్రేటు మాత్రం పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కనవుతుంది. ఆ తల్లి ఎంత శ్రద్ధగా కాచిందో అంత ఎక్కువ పోసిందన్నమాట. అల్లా దయవల్ల బిడ్డకు ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నైట్రేటు ఎక్కడి నుంచి వస్తుంది? లెట్రిన్ గుంతల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి, పేడకుప్పల నుంచి, పొలాల్లో చల్లిన యూరియా నుంచి వస్తుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఇది 45 మిల్లీగ్రాములకు మించరాదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఎక్కువ ప్రమాదం. అది ఒంట్లో నైట్రైటుగా మారి రక్తాన్ని పట్టుకుంటుంది. రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ పెదవులు, గోళ్లు నీలంగా మారుతాయి. శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం మొదలైన తర్వాత మన వైపు ప్లాట్లు, ఇళ్లు ఎంత వేగంగా పెరిగాయో మీరు చూశారు. చిన్న ప్లాటులో ఒక మూల బోరు, ఇంకొక మూల సెప్టిక్ ట్యాంకు. పైన గోడ అడ్డం ఉంది గాని భూమి లోపల ఏ గోడా లేదు.

ఇక రెండవది ఫ్లోరైడు. ఇది మనుషులు కలిపేది కాదు, రాయిలోనే ఉన్నది. మన కాళ్ల కింద ఉన్నది నల్లరాయి, ఎర్రరాయి, అనగా గ్రానైటు. పైన మొరం, దాని కింద పగుళ్లున్న బండ. బోరు నీళ్లు ఈ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి రాతిలోని లవణాలను కరిగించుకుంటాయి. అనంతగిరి కొండల్లో పుట్టి మన నగరం మీదుగా పారే మూసీ, నల్లగొండ జిల్లా దాటి కృష్ణలో కలిసేదాకా చాలా దూరం ఇటువంటి రాతి నేల మీదనే నడుస్తుంది. ఆ నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషుల ఫోటోలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. తెలుగు నేలలో ఈ జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించి రాశారు. నేటి ప్రకాశం జిల్లా ప్రాంతం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది.

ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటరాదు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఇంకొక విచిత్రం వినండి. కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నిలవదు, కాల్షియంతో కలిసి అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేటు ఎక్కువైన నీటిలో అది కరిగే ఉంటుంది. అంటే పప్పు ఉడకని, దేగ్చీకి తెల్లటి పెచ్చు కట్టే నీళ్లను చూసి మనం భయపడతాం. చక్కగా నురగ వచ్చే తియ్యటి నీటిలో ఫ్లోరైడు దాగి ఉండవచ్చు. ఆ పిల్లవాడి ప్రశ్నకు నా జవాబు ఇది: బేటా, నాలుక సాక్ష్యం చాలదు, సబ్బు సాక్ష్యం కూడా చాలదు.

మన పెద్దలు నీళ్ల విషయంలో నిర్లక్ష్యం చేసినవారు కారు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తి అయినాయి. మన దగ్గరి ఈసీ నది నీళ్లే హిమాయత్‌సాగర్‌లో చేరుతాయి. నల్లా నీటిని శుద్ధి చేసేందుకు, పరీక్షించేందుకు నౌకర్లు ఉన్నారు. మరి మన గల్లీ బోరుకు ఎవరున్నారు? వేయించినవారే ఉన్నారు. 2002 నాటి వాల్టా చట్టం బోరు వేసే ముందు అనుమతి తీసుకోమంటుంది. నీళ్లు తాగించే ముందు పరీక్ష చేయించమని మన అంతరాత్మ చెప్పాలి.

కాబట్టి సంఘం పెద్దలకు నేను నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

మొదటిది: సంఘం సహాయంతో వేసే ప్రతి బోరు ఖర్చులో పరీక్ష ఫీజు కూడా కలపండి. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. మోటారు కొద్దిసేపు నడిపి, శుభ్రమైన సీసాలో పట్టుకొని పోవాలి. క్రిముల పరీక్షకు సీసా వారినే అడగాలి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయిస్తే మేలు.

రెండవది: బోరుకు, గుంతకు కనీసం యాభై అడుగుల దూరం ఉంచండి. గుంత ఎగువన ఉండరాదు. కేసింగ్ పైపు గట్టి రాయి దాకా దించి చుట్టూ సిమెంటు వేయించండి.

మూడవది: రిపోర్టును బీరువాలో దాచకండి. బోరు పక్క గోడ మీద ఉర్దూలో, తెలుగులో రాయించండి. తాగడానికి పనికిరాకపోతే వజూకు, బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చు. తాగేందుకు కృష్ణా నల్లా నీళ్లు ఉన్నవారు అవి తాగాలి. ఫ్లోరైడుకు పటిక, సున్నంతో శుద్ధి చేసే 'నల్లగొండ విధానం' నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలోనే చూపింది. అయితే అది నైట్రేటుకు పని చేయదు. ఆర్వో యంత్రం రెండింటినీ తగ్గిస్తుంది.

నాల్గవది తల్లులకు: పసిబిడ్డకు తల్లిపాలు ఉన్నంత వరకు వేరే నీళ్లే వద్దు. డబ్బా పాలు తప్పకపోతే పరీక్షించని బోరు నీళ్లతో కలపకండి.

నేను నా సెప్టిక్ ట్యాంకును తీయించి దూరంగా కట్టించాను. ఇప్పటికీ బోరు పక్కన "తాగరాదు" అని రాసి ఉంది. అమ్మీ పేరు ఉన్న రాయి పక్కనే ఆ మాట రాయడానికి నా చెయ్యి వణికింది. కానీ రాయకపోతే ఆమె పేరుకు నేను చేసేది దానం కాదని తోచింది. నీళ్లు కాస్త బాగుపడుతున్నాయి. హద్దులోకి వచ్చిన రోజున ఆ అక్షరాలు చెరపడానికి మిమ్మల్నందరినీ పిలుస్తాను, తప్పక రావాలి.