కార్నర్‌లో నిలబడ్డవాడు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను 'పదవీ విరమణ తరువాత ఆరోగ్యం' మీద మాట్లాడమన్నారు. నాకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఆ విషయం నేను మీకు చెప్పడం కన్నా మీరు నాకు చెప్పడమే న్యాయం. అందుచేత వారి అనుమతితో కబడ్డీ గురించి మాట్లాడతాను. ఈ హాలులో కబడ్డీ ఆడి మోకాలు చెడగొట్టుకున్నవాళ్ళు ఇరవై మందికి తక్కువ ఉండరు కాబట్టి ఇది కూడా ఆరోగ్యం కిందికే వస్తుందనుకుంటాను.

2024 మార్చి 1వ తేదీన హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రో కబడ్డీ పదో సీజను ఫైనల్ జరిగింది. పుణేరి పల్టన్ 28, హర్యానా స్టీలర్స్ 25. ఆ సీజనంతా మంచిర్యాలలో మా ఇంట్లో టీవీ ముందు నేనూ మా మనుమడూ కూర్చున్నాం. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. మన తెలుగు టైటాన్స్ ఆ ఏడు పట్టికలో అట్టడుగున ఉంది గనక, గెలిచేవాళ్ళ ఆట చూద్దామని వాడు పుణే పక్షం చేరాడు. పుణేలో వాడికి దేవుడు మొహమ్మద్‌రెజా షాద్లూయి అనే ఇరాన్ కుర్రవాడు. ఎడమ కార్నర్.

ఆట ఆడనివారి కోసం ఒక్క మాట. ఏడుగురు బరిలో నిలబడితే ఇరువైపులా చివర ఉండేవాళ్ళు కార్నర్లు. కూతకు వచ్చినవాడి కాలు పట్టవలసిన బాధ్యత ముందు వాళ్ళదే. కార్నర్లు రెండు రకాలు. ఒకడు ఆగుతాడు. కూతగాడు తనంతట తాను దగ్గరికి వచ్చి, కాలు ముందుకు వేసి, తిరిగే క్షణం దాకా కాచుకొని చీలమండ పడతాడు. రెండోవాడు ఆగడు. కూతగాడు ఇంకా ఆలోచనలో ఉండగానే వీడే ముందుకు దూకుతాడు. దొరికితే ఈలలు, దొరకకపోతే తిట్లు.

షాద్లూయి రెండో రకం. 2022లో ఒకే ఆటలో 16 టాకిల్ పాయింట్లు తెచ్చాడు. రక్షణ చేసేవాడు అప్పుడప్పుడు తానే కూతకు కూడా వెళ్తాడు. పట్టు దొరికితే తొడ చరిచి జనం వైపు తిరుగుతాడు. 2023 వేలంలో పుణే వాళ్ళు అతనికి 2 కోట్ల 35 లక్షలు పెట్టారు. అంతకు ముందు సీజనులో అదే పుణే జట్టుకు కెప్టెన్‌గా ఉండి, దాన్ని ఫైనల్ దాకా తీసుకువెళ్ళినవాడు కూడా ఇరాన్ వాడే, ఎడమ కార్నరే: ఫజల్ అత్రాచలి. 2018 వేలంలో కోటి రూపాయల ధర పలికిన మొదటి విదేశీ ఆటగాడు ఆయన. ఫజల్ గుజరాత్‌కు వెళ్ళిపోయాడు. ఆయన నిలబడ్డ చోట షాద్లూయి వచ్చి నిలబడ్డాడు. ఇక పోలిక రాకుండా ఎట్లా ఉంటుంది?

ఒకనాటి ఆటలో షాద్లూయి దూకాడు. కూతగాడు తప్పించుకొని నడిగీత దాటాడు. నా నోటి వెంట మాట వచ్చింది: "ఫజల్ అయితే ఆగేటోడు."

మనుమడు ఏదో అన్నాడు. నేను వినలేదు. ఆ మాట నేను ముప్పై ఆరేళ్ళ క్రితం ఒకసారి అన్నాను. అనడమే కాదు, రాశాను. ఈ రోజు చెప్పదలుచుకున్నది దాని గురించే.

మీలో బెల్లంపల్లిలో పనిచేసినవారికి మా జట్టు గుర్తుండే ఉంటుంది. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల. మట్టి బరి, ముగ్గుతో గీతలు. సాయంత్రం మొదటి షిఫ్టు దిగినవాళ్ళు స్నానం చేసి వచ్చేసరికి చుట్టూ జనం మూడు వరుసలు. నేను ఆడలేదు. మస్టర్ గుమాస్తాను, చేతిలో పెన్ను ఉంటుంది కాబట్టి స్కోరు రాసే పని నాకు అప్పగించారు. మా ఎడమ కార్నర్ టింబర్‌మన్. పేరు చెప్పను, అందరూ 'అన్న' అనేవారు, నేనూ అదే అంటాను. ఆయన బరిలో కదిలేవాడు కాదు. రెండు చేతులూ ముందుకు చాచి, కొంగ చెరువులో నిలబడ్డట్టు నిలబడేవాడు. కాలు దగ్గరికి వచ్చిందా, అంతే. బయటి ఏరియాల కూతగాళ్ళు ఆయన వైపు రావడానికి జంకి అటు కుడి పక్కకే పోయేవారు.

1986లో అన్నకు కొత్తగూడెం బదిలీ అయింది. ఆయన చోటుకు ఒక బదిలీ ఫిల్లర్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మొదటి ఆటలో మొదటి కూతకే దూకాడు. కూతగాణ్ణి నడుం పట్టుకొని గీత అవతల పడేశాడు. జనం లేచి నిలబడ్డారు. రెండో కూతకు మళ్ళీ దూకాడు, ఈసారి దొరకలేదు. పక్కనున్న కోల్ ఫిల్లర్ ఒకాయన, "అన్న ఉంటే ఇట్లయితుండెనా?" అన్నాడు. అప్పటి నుంచి అది సామెత అయిపోయింది. ఆ తమ్ముడు పది పట్లు పట్టినా లెక్కలోకి రాలేదు. ఒకటి తప్పితే మాత్రం, అన్న ఉంటే.

1988లో గోదావరిఖనిలో ఏరియాల మధ్య ఫైనల్ ఆట. చివరి నిమిషంలో మేము ఒక్క పాయింటు ముందున్నాం. ఎదుటివాడు కూతకు వచ్చాడు. ఆగి ఉంటే వాడు అటూ ఇటూ తిరిగి పోయేవాడేమో, పోకపోయేవాడేమో. తమ్ముడు దూకాడు. చెయ్యి వాడి తొడ మీదుగా జారిపోయింది. కూతగాడు పోతూ పోతూ మా కవర్‌ను కూడా తాకి పోయాడు. రెండు పాయింట్లు. మేము ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో లారీలో ఎవరూ అతనితో మాట్లాడలేదు. మరునాడు నేను క్యాంటీన్ గోడ మీది నోటీసు బోర్డుకు ఆట వివరాలు రాశాను. ప్రతి ఆటకూ రాసేవాణ్ణి, నా దస్తూరి బాగుంటుందని పేరు. చివరి వాక్యం ఇది: 'అన్న ఉండి ఉంటే ఆగేవాడు, ఈయన ఆగలేదు.' కామా కాదు, సెమీకోలన్ పెట్టాను. బాగా రాశానని నలుగురు మెచ్చుకున్నారు కూడా. ఆ కాగితం నెల రోజులు అక్కడ ఉంది. అతను రోజూ షిఫ్టుకు ముందు చాయ తాగేది ఆ గోడ దగ్గరే.

మరుసటి సంవత్సరం అతను పేరు ఇవ్వలేదు. క్వార్టరుకు వెళ్ళి అడిగాను. "షిఫ్టు కుదరదు సార్" అన్నాడు. చాయ పోసి ఇచ్చాడు. కాగితం మాట ఎత్తలేదు. అతను ఎత్తలేదు గదా అని నేనూ ఎత్తలేదు.

అన్న రిటైరైన తరువాత మంచిర్యాలకే వచ్చి స్థిరపడ్డారు. చివరి రోజుల్లో నేను తరచు వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకసారి మాటల్లో, "అన్నా, నీ ఓపిక ఎవనికి రాలే" అన్నాను. ఆయన నవ్వి ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. "ఓపిక ఎక్కడిది సారూ! ఇది చిన్నప్పుడు చెట్టు మీదికెల్లి పడితే చెడింది. దూకుదామంటే దూకనిస్తదా? ఆ పిలగాడు దూకుతుంటే చూసేటందుకు నాకు ఎంత ఆశ అయ్యేదో" అన్నారు. కొత్తగూడెం నుంచి రెండుసార్లు సెలవు పెట్టి వచ్చి అతని ఆట చూశారట. జనంలో వెనక నిలబడి చూశారట. మా ఎవరికీ తెలియదు.

ఆ తరువాత నా పాత స్కోరు పుస్తకాలు పెట్టెలో నుంచి తీశాను. అన్న ఆడిన చివరి రెండేళ్ళు, తమ్ముడు ఆడిన రెండేళ్ళు పక్కపక్కన పెట్టి కూడాను. జట్టు పోగొట్టుకున్న పాయింట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఒక్కటే. అన్న కాలంలో ఆ పాయింట్లు కుడి కార్నర్ పేర, కవర్ల పేర పోయాయి. తమ్ముడి కాలంలో తమ్ముడి పేరే పోయాయి. దూకి తప్పినవాడి తప్పు ఊరంతా చూస్తుంది. ఆగినవాడి ముందు నుంచి కూతగాడు క్షేమంగా పోతే, అది కూతగాడి గొప్పతనం అంటాం. ఇప్పటి ఆటలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. బరిలో ఆరుగురు, అంతకు మించి ఉన్నప్పుడు కూతగాడు బోనస్ గీత దాటి కాలు పెడితే ఒక పాయింటు. కార్నర్ మరీ కాచుకొని కూర్చుంటే వాడు బోనస్ తీసుకొని పోతాడు. ఆ పాయింటు కార్నర్ తప్పని ఎవరూ అనరు.

ఇది మనుమడికి చెబితే, "తాతా, టైటాన్స్‌కు కూడా ఇదే అయింది" అన్నాడు. నిజమే. 2014లో మొదలుకొని 2018 దాకా రాహుల్ చౌదరి మన జట్టు. ఆయన పోయాక 2019లో 1 కోటి 45 లక్షలు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ను తెచ్చారు. ఆ కుర్రవాడు ఆ సీజనులో 200 పైచిలుకు రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు ఓడిన ప్రతిసారీ, రాహుల్ ఉంటేనా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. బిజ్నోర్ పిల్లవాడు, కొల్హాపూర్ పిల్లవాడు, మధ్యలో మనకెందుకో ఈ కొట్లాట.

ఇంకో సంగతి. మేము టీవీ ముందు ఫజలా, షాద్లూయియా అని కొట్లాడుకుంటున్నామే, ఆ ఇద్దరూ అంతకు కొద్ది నెలల ముందే, 2023 అక్టోబరులో, హాంగ్‌ఝౌ ఏషియాడ్ ఫైనల్లో ఒకే ఇరాన్ జట్టులో ఉండి మన దేశంతో ఆడారు. మనం 33–29తో గెలిచాం. పుణే కప్పు గెలిచిన ఆ సీజనులో ఫజల్ గుజరాత్ జట్టు హైదరాబాదులోనే ఎలిమినేటర్‌లో ఓడిపోయింది. అప్పుడు మనుమడు, "అయిపోయింది తాతా మీ ఫజల్ పని" అన్నాడు. 2025లో ఢిల్లీ జట్టు కప్పు గెలిచినప్పుడు ఫజల్ ఆ జట్టులో ఉన్నాడు. నేను వాడికి ఫోను చేయాలనుకొని మానుకున్నాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను.

ఈ సంవత్సరం మన సంఘంలో చేరిన కొత్త సభ్యుల జాబితా కార్యదర్శి గారు నాకు సరిచూడమని పంపారు. అందులో పదకొండో పేరు ఆ తమ్ముడిది. ఫిల్లర్‌గా చేరి ఓవర్‌మన్ దాకా ఎదిగి రిటైరయ్యాడు. ఇప్పుడు ఈ హాలులోనే, కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇందాక చూసి నమస్కారం పెట్టాడు, నేనూ పెట్టాను. నోటీసు బోర్డు మీది కాగితం నా దగ్గర లేదు, అది ఎప్పుడో చినిగిపోయింది. స్కోరు పుస్తకాలు మాత్రం ఈ సంచిలో తెచ్చాను. 1988 పుస్తకంలో ఆ ఫైనల్ ఆట పేజీ మడిచి పెట్టాను. ఆ రోజు చివరి నిమిషం దాకా మేము ముందంజలో ఉండడానికి కారణమైన పట్లు ఎన్నో, అవి ఎవరివో అందులో వరుసగా ఉన్నాయి. నా దస్తూరే. భోజనాలప్పుడు ఆయన పక్కన నాకొక కుర్చీ ఉంచమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.