దేవుడు ఇక్కడ, పొలం అక్కడ

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి గుడి ఎటని అడిగితే ఆటోవాళ్లు నవ్వుతారు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాములవారి దగ్గరికి ఇంకో నలభై కిలోమీటర్లు బస్సులో పోవాల్సిందే. నా చిన్నప్పుడు మా నాయనమ్మ బోర్డు చూడగానే ప్లాట్‌ఫారం మీదే చేతులు జోడించేసింది. ఎదురుగా ఉన్నవి బొగ్గు వ్యాగన్లు!

ఊరి చరిత్ర కూడా అంతే తమాషా. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు వెళ్లాయి, ఊరు మాత్రం తెలంగాణలో మిగిలింది. ఇప్పుడు పర్ణశాల బస్సెక్కితే ఎటపాక దగ్గర ఆంధ్రలోకి పోయి, కాసేపటికి మళ్లీ తెలంగాణలో తేలతాం. కిటికీ పక్కన ఓ కునుకు తీసిన పెద్దాయన లేచేసరికి రాష్ట్ర సరిహద్దు రెండుసార్లు దాటేసి ఉంటాడు. టికెట్ మాత్రం ఒకటే. రాములవారికీ ఈ చిక్కు తప్పలేదు. ఆయన గుడి తెలంగాణలో ఉంది, పురుషోత్తపట్నంలోని ఆయన మాన్యం ఆంధ్రలో ఉంది.