మూడు మ్యాచ్‌ల హీరో

అభిమానుల గుండెల్లో నిలిచిపోవాలంటే ఒక ఫుట్‌బాల్ ఆటగాడు ఎన్నేళ్లు ఆడాలి? ఎన్ని గోల్స్ కొట్టాలి? ఇంగ్లండ్‌లోని కార్లైల్ యునైటెడ్ క్లబ్బుకు జిమ్మీ గ్లాస్ ఆడింది మూడే మ్యాచ్‌లు. కొట్టింది ఒకే గోల్. పైగా అతను గోల్‌కీపర్! 1999లో క్లబ్బుకు కీపర్ కరువైతే, స్విండన్ క్లబ్బు నుంచి అరువు మీద వచ్చాడు. మే 8న ప్లిమత్ జట్టుతో సీజన్‌లో ఆఖరి మ్యాచ్. గెలవకపోతే, లీగ్‌లో 1928 నుంచి ఉన్న చోటు పోతుంది. స్కోరు ఒకటి, ఒకటి. తొంభై నిమిషాలూ దాటిపోయాయి. చివరి కార్నర్. గ్లాస్ తన గోల్ వదిలేసి అవతలి పెనాల్టీ బాక్సులోకి పరుగెత్తాడు. సహచరుడు తలతో కొట్టిన బంతిని ప్లిమత్ కీపర్ తోసేశాడు. అది వచ్చి గ్లాస్ ముందే పడింది. కుడికాలితో ఒక్క తన్ను. గోల్! జనం మైదానంలోకి ఉరికారు.

అదంతా అదృష్టమే కదా అంటారు కొందరు. బంతి అతని ముందు పడటం అదృష్టమే. కానీ అక్కడ ఉండటం తెగువ. ఆ క్షణంలో తడబడకపోవడం నేర్పు. 2004లో కార్లైల్ లీగ్ నుంచి జారిపోయింది, మరి ఆ గోల్ వల్ల ఏం మిగిలిందని ఇంకొందరు అడుగుతారు. మరుసటి ఏడాదే క్లబ్బు తిరిగొచ్చింది. అయినా అసలు జవాబు అది కాదు. పోయిందనుకున్న ఆశ కళ్లముందే తిరిగి రావడం ఆ ఊరు చూసింది. దాన్ని ఏ ఓటమీ చెరపలేదు. గ్లాస్ కొన్నాళ్లకే ఆట మానేశాడు, తర్వాత టాక్సీ నడిపాడు. అయినా ఊరు అతన్ని మరవలేదు. గుర్తుంచుకోండి: అభిమానం లెక్కలు చూడదు. అవసరమైన వేళ ఎవరు నిలబడ్డారో చూస్తుంది. మూడు మ్యాచ్‌లు, ఒక గోల్. అది చాలు.