గాయపడిన మనసుకు నడకతో చికిత్స
(ఆవడిలో విద్యార్థుల ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కుల గురించి పెద్దలు చక్కగా చెప్పారు. నేను వేరే మాట చెబుతాను. మన ఆవడిలో ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది, వైమానిక దళ స్థావరం ఉంది, సి.ఆర్.పి.ఎఫ్. కేంద్రం ఉంది. యూనిఫారం వేసుకునే తండ్రులు, అన్నలు ఉన్న కుటుంబాలు ఈ సభలోనే చాలా ఉంటాయి. డ్యూటీ నుండి వచ్చిన మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు, దీపావళి టపాకాయకు వణుకుతాడు, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటాడు. ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు. పెద్ద రోడ్డు ప్రమాదాన్ని కళ్ళారా చూసిన పిల్లవాడికైనా, 2004 సునామీలో అయినవాళ్ళను పోగొట్టుకున్న తల్లికైనా ఇదే బాధ రావచ్చు. దీనికి పి.టి.ఎస్.డి. అని 1980లో అమెరికా మనోవైద్యులు పేరు పెట్టారు.

ఈ జబ్బుకు బలం ఎక్కడిదంటే, తప్పించుకోవడంలో ఉంది. ఆ చోటికి వెళ్ళరు, ఆ మాట ఎత్తరు. తప్పించుకున్న కొద్దీ భయం ముదురుతుంది. కనుక వైద్యుని తోడుతో ఆ జ్ఞాపకాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొనడం ఒక ముఖ్యమైన చికిత్స. 1990లలో అమెరికాలో బార్బరా రోత్‌బామ్ బృందం వియత్నాం యుద్ధ సైనికులకు కంప్యూటరుతో హెలికాప్టరును, అడవిని చూపించి ఈ పని చేసింది. దీన్నే వర్చువల్ రియాలిటీ అంటున్నాము. అయితే అక్కడ రోగి తన కాళ్ళతో నడిచేవాడు కాదు.

నెదర్లాండ్స్ సైనిక మనోవైద్యుడు ఎరిక్ వెర్మెటెన్, ఆయన సహచరులు రోగిని నడిపించారు. ఆ పద్ధతి పేరు త్రీ ఎం.డి.ఆర్. ఎదురుగా పెద్ద తెర, కాళ్ళ కింద ట్రెడ్‌మిల్, పక్కన వైద్యుడు. సైనికుడు తన అనుభవానికి సంబంధించిన ఫోటోలు తానే ఎంచుకుంటాడు. మొదట ఆ కాలాన్ని గుర్తుచేసే పాట వింటూ నడక మొదలుపెడతాడు. నడుస్తున్న కొద్దీ ఒక్కొక్క ఫోటో దగ్గరకు వస్తుంది. ఏమి కనబడుతోంది, ఒంట్లో ఏమవుతోంది అని వైద్యుడు అడుగుతుంటే నడక ఆపకుండానే చెప్పాలి. అతను అన్న మాటలే తెరపై అక్షరాలుగా కనబడతాయి. తరువాత ఒక బంతి అటూ ఇటూ కదులుతుంది, దానిపై అంకెలు చదవాలి. మనసును రెండు పనులలో పెడితే జ్ఞాపకంలోని తీవ్రత తగ్గుతుందని వారి ఆలోచన. చివర ఈనాటికి తీసుకువచ్చే మరొక పాట. ఇన్నాళ్ళూ దేని నుండి పారిపోయాడో, తన కాళ్ళతోనే దాని వైపు నడవడం ఇందులోని అసలు సంగతి.

నెదర్లాండ్స్‌లోను, బ్రిటన్‌లోని కార్డిఫ్‌లోను జరిపిన పరీక్షల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. కార్డిఫ్‌లో 42 మంది మాజీ సైనికులు పాల్గొన్నారు. ఇతర చికిత్సలకు లొంగని కేసులనే రెండు చోట్లా తీసుకున్నారు. సగటున బాధ తగ్గింది గానీ అందరికీ తగ్గలేదు. కొత్త యంత్రం అనగానే సర్వరోగ నివారిణి అనుకునే అలవాటు మనకు ఉంది కాబట్టి ఈ మాట చెప్పవలసి వచ్చింది.

ఇది విని ఇంటికి ట్రెడ్‌మిల్ కొనమని నాన్నగారిని అడగకండి! ఇంట్లో బలవంతంగా పాత సంగతులు తవ్వడం కూడా వద్దు, అది కీడు చేయవచ్చు. "మరచిపో, మగవాడివి కాదా" అనడం అంతకంటె చెడ్డ వైద్యం. వారు తమంతట తాము చెబితే వినండి. సాయంత్రం కలిసి నడవండి. మామూలు నడక నిద్రకు, మనసుకు మంచిదే, కాని అది వైద్యానికి బదులు కాదు. నెల దాటినా బాధ తగ్గకపోతే కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్ళండి. అది 1794 నాటి సంస్థ. అక్కడికి వెళ్ళడానికి మొహమాటపడితే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

విద్యార్థులకు ఒక మాట. ఆ గదిలో మనోవైద్యుడు, సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, ప్రోగ్రామరు అందరికీ పని ఉంది. ప్లస్ టూ తరువాత ఇంజినీరింగు, మెడిసిన్ తప్ప వేరే దారి లేదనుకునేవారు సైకాలజీ, ఫిజియోథెరపీ కూడా విచారించండి. తెలుగు, తమిళం రెండూ వచ్చిన సైకాలజిస్టు మన ప్రాంతానికి ఎంతో అవసరం, ఎందుకంటే భయాన్ని ఎవరైనా తల్లిభాషలోనే చెప్పుకుంటారు.

ఈ కోర్సుల వివరాలు కావలసిన పిల్లలు, ఇంటి సంగతి విడిగా మాట్లాడాలనుకునే తల్లిదండ్రులు సభ ముగిశాక నన్ను కలవవచ్చు. భోజనాలయ్యే వరకు ఇక్కడే ఉంటాను.