వలలో సొర

(బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశాఖ, శ్రీకాకుళం తీరాల నుండి రైల్వే కొలువులకై ఇచ్చటికి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలలో బాలింతకు పెట్టే సొరపిట్టును గూర్చి వినని వారుండరు. పాలు పడతాయన్న నమ్మకంతో దానికి పాలసొరను కోరి తెస్తారు. హిందీలో ఆ పేరుకు సాటి వెదకబోయిన అనువాదకునికి 'శార్క్' తప్ప మరొకటి దొరకదనుకోండి!

వంజరం వంటి చేప లక్షలాది గుడ్లు పెడుతుంది. పాలసొర సుమారు ఏడాదిపాటు గర్భం మోసి, ఎనిమిదికి మించకుండా పిల్లలను కంటుంది. ఆ పిల్లలు పెరిగేది తీరం చెంత, లోతు తక్కువైన నీటిలో. మరపడవలు రొయ్యల కొరకు ట్రాలు వలలు ఈడ్చేదీ అధికంగా అచ్చటనే. ఈనవలసిన తల్లీ, ఎదగని పిల్లా ఒకే వలలో పైకి వస్తాయి. ఆ లోటు ఒక్క ఏటిలో పూడేది కాదు.

చట్టాలు లేకపోలేదు. 2001లో తిమింగల సొరకు వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ లభించింది. 2015లో సొర రెక్కల ఎగుమతి నిషిద్ధమైంది. అయితే వలలో ఏది చిక్కిందో పైకి లాగిన పిదపగాని తెలియదు. ఈదుతూ ఉంటేనే ఊపిరాడే సొరలు పెక్కు. కదలిక నిలిచినచో అవి వలలోనే చనిపోతాయి. కనుక తేల్చవలసినది వలకన్ను కొలత, వల ఈడ్చే వ్యవధి. దీనిని మత్స్యకారులను కూర్చోబెట్టుకొని నిర్ణయించాలి. 2021 డిసెంబరులో విశాఖ సమీపాన తంతడి తీరానికి చేరిన తిమింగల సొరను అటవీ సిబ్బందితో కలిసి తిరిగి సముద్రంలోనికి సాగనంపినవారు ఆ మత్స్యకారులే.