వెనక చక్రాల బ్రేకు ప్యాడ్లు: మార్చే పద్ధతి, అందులోని సైన్సు



కారు ఆగడమంటే దాని గతిజశక్తి ఉష్ణశక్తిగా మారడమే. 1000 కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజశక్తి 50 కిలోజౌళ్లు. వేగం 72 అయితే ఆ శక్తి నాలుగు రెట్లై 200 కిలోజౌళ్లవుతుంది. డిస్కును రెండువైపులా ఒత్తిపట్టి ఈ శక్తిని వేడిగా మార్చేవి బ్రేకు ప్యాడ్లు. అందుకే అవి అరుగుతాయి.

అండమాన్‌లో ఈ అరుగుదలకు తుప్పు తోడవుతుంది. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. పైగా సముద్రపు గాలిలో ఉప్పు. కాలిపర్ జారే పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటే ఒకవైపు ప్యాడే ఎక్కువగా అరుగుతుంది. బయటి ప్యాడు చూసి బాగానే ఉందనుకుంటాం. లోపలిది ఇనుపరేకు దాకా అరిగిపోయి ఉండవచ్చు. ఎత్తుపల్లాల రోడ్లమీద ఇది ప్రాణాపాయం. కాబట్టి రెండు ప్యాడ్లూ చూడాలి.

ఇక పని మొదలుపెడదాం. అనుభవమున్న పెద్దలు పక్కన ఉండాలి. కారును చదునైన నేలమీద ఆపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. వెనక చక్రం నట్లు వదులుచేసి, జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండుమీద నిలపండి. జాకీని ఒక్కదాన్నే నమ్మకూడదు. తరవాత హ్యాండ్ బ్రేకు వదిలి, చక్రం తీయండి. కాలిపర్ బోల్టు విప్పి, దాన్ని తీగతో కట్టి వేలాడదీయండి. బ్రేకు గొట్టంమీద బరువు పడకూడదు. పాత ప్యాడ్లు తీసి, పిన్నులు శుభ్రంచేసి, బ్రేకులకు వాడే గ్రీజు పూయండి. ప్యాడు రాపిడి ముఖానికి మాత్రం గ్రీజు తగలనీయకండి.

ఇక్కడే అసలు తేడా ఉంది. ముందు చక్రాల పిస్టన్‌ను సాధారణంగా తిన్నగా లోపలికి నొక్కితే చాలు. వెనక కాలిపర్లలో చాలావాటిలో హ్యాండ్ బ్రేకు మరయంత్రం లోపలే ఉంటుంది. అటువంటి పిస్టన్‌ను తిప్పుతూ నొక్కాలి. మొండిగా నొక్కితే మర చెడిపోతుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉన్న కారయితే ముందుగా సర్వీసు మోడ్‌లో పెట్టాలి. రెండో చక్రానికీ ఇదే పని చేయాలి.

అన్నీ బిగించాక, కారు కదపకముందే పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు తొక్కండి. పిస్టన్ వెనక్కి వెళ్లి ఖాళీ ఏర్పడింది కదా! అది నిండకుండా బయలుదేరితే మొదటిసారి బ్రేకు పడదు.

చివరగా ఒక ప్రశ్న. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు; తేమ చేరాక ఆ కనీస హద్దు 140 డిగ్రీలే. ద్రవం మరిగి ఆవిరైతే పెడల్ ఎందుకు మెత్తబడుతుంది? పాస్కల్ నియమాన్ని గుర్తుచేసుకుని జవాబు రాయండి.