బండి పేరు, కౌంటరు తీరు



2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చాక చిన్న సరుకు బళ్లమీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. మా పెద్దవాడూ ఓ పికప్ కొని కూరగాయలు తోలాడు. ఏ కంపెనీదో పేరెందుకులెండి. క్లచ్ పోతే షోరూమువాళ్లు ‘స్పేరు రాలేదు, రేపు రండి’ అంటూ తొమ్మిది రోజులు తిప్పారు. బండి ఆగినా బ్యాంకు వాయిదా ఆగదు కదా! బండి మంచిదే. అయినా రెండో బండి వాడు వేరే కంపెనీది కొన్నాడు. అక్కడ స్పేరు ఆలస్యమైతే వాళ్లే ఫోన్ చేసి చెబుతారు.

వాడి కష్టం వింటుంటే నా సీటు గుర్తొచ్చింది. పహాణీ నకలుకు వచ్చిన రైతుకు ‘రేపు రండి’ అన్నవాణ్ణే నేనూ. ఆయన తిట్టుకుంది నన్ను కాదు, సర్కారును. కంపెనీ పేరైనా, సర్కారు పేరైనా నిలబెట్టేది కౌంటరులో కూర్చున్నవాడే.